ఊఁ కొట్టడానికి వచ్చిన అతిథి

మాట్లాడమని పిలిచిన మనిషిని మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టే విద్య మా సుగుమారన్‌కు వచ్చినంతగా మలేషియాలోని ఈ కెడా రాష్ట్రం మొత్తం మీద ఇంకెవరికీ రాదు.

ఆ ఆదివారం పొద్దున నా కారు పినాంగ్ వంతెన మీద ఉంది. పక్క సీట్లో అకెల్లో, వెనక సీట్లో మా ఊరి పిల్ల మోహనప్రియ. అకెల్లో ఆఫ్రికా మనిషి. తూర్పు దిక్కున పెద్ద సరస్సు ఒడ్డునున్న దేశం. ఆ దేశం పేరు రాయొద్దని ఆవిడే అంది. ఆవిడ చుట్టాలు ఇంకా అక్కడే ఉన్నారు మరి. చెరకు తోటల్లో కూలివాళ్ళ గురించి తన సొంత భాషలో పుస్తకాలు రాసింది. ఆ తోటల వాళ్ళ పక్షాన కోర్టుల్లో నిలబడింది. రెండుసార్లు జైలుకు పోయింది. రెండోసారి లోపల కాగితం, కలం ఇవ్వలేదు. అయితేనేం, తోటి ఆడ ఖైదీలను కూర్చోబెట్టి ఒక్కొక్కరికి ఒక్కో అధ్యాయం చెప్పి నోటికి పట్టించింది. వాళ్ళు విడుదలై వచ్చిన కొద్దీ ఎవరి అధ్యాయం వాళ్ళు అప్పజెప్పారు. అలా అచ్చయింది ఆ పుస్తకం. అందులో ఒక అధ్యాయం మాత్రం ఉత్త తెల్లకాగితాలు. దాన్ని నోటికి పట్టినామె ఇంకా లోపలే ఉంది.

ఆ పుస్తకాన్ని మోహనప్రియ ఇంగ్లీషులో, ఫ్యాక్టరీ బస్సులో చదివింది. చదివి, దిగాల్సిన చోట దిగడం మర్చిపోయింది. తర్వాత ఆవిడకు మెయిల్ రాసింది. పినాంగ్‌లో రచయితల సభకు వస్తున్నాను, మీ ఊరికీ వస్తాను అని జవాబొచ్చింది. మా సుంగై పెటాని తెలుగు సంఘానికి ఆఫ్రికా రచయిత్రి ఎందుకని సంఘంలో సగం మంది అడిగారు. మిగిలిన సగం మంది భోజనం ఉందా అని అడిగారు. ఉందన్నాక ఎవరూ ఏమీ అడగలేదు.

వంతెన దిగుతుండగా ఫోను మోగింది. సంఘం అధ్యక్షుడు సుగుమారన్. కారు స్పీకర్లో పెట్టాను.

"అన్నా, ఎక్కడున్నారు? ఒక చిన్న సంగతి లా."

ఆ 'లా' ఇక్కడ మా అందరి మాటలకూ అంటుకున్న మలయ్ తోక. వాడి చిన్న సంగతి మాత్రం ఎప్పుడూ చిన్నది కాదు. వాళ్ళ కారు కాలవలో పడ్డ రోజు కూడా ఇదే మాటతో ఫోన్ చేశాడు.

"సభ పర్మిషన్‌కి సర్కారు ఆఫీసుకి పోయినాను గదా అన్నా. ఏం ప్రోగ్రాం అని అడిగినారు. స్పీచ్ అంటే ఇంకేటేటి అడుగుతారోనని, చెరితా అని చెప్పేసినాను."

చెరితా అంటే మలయ్‌లో కథ. మన 'చరిత'కు దూరపు చుట్టం.

"మంచిదేగా, కథే అనుకుందాం."

"ఆగన్నా. కథ ఎవరు చెప్తారన్నారు. మా పెద్దోళ్ళు అన్నాను. మరి ఆ ఫారిన్ లేడీ ఏటి చేస్తాది అన్నారు." గొంతు తగ్గించాడు. "పర్మిషన్ ఇవ్వరేమోనని భయమేసింది లా. వింటాది అని చెప్పినాను. ఇప్పుడు ఆమె మైకు పట్టుకుంటే నేను అబద్ధం ఆడినట్టు. సంఘం రిజిస్ట్రేషన్‌కే మోసం. అన్నా, ఆమెను మాట్లాడొద్దని మీరే మెల్లిగా చెప్పండి. మీరు చదువుకున్నోళ్ళు."

చదువుకున్నందుకు నాకు దక్కిన లాభం ఇలాంటి పనులే.

మోహనప్రియ వెనక నుంచి ముందుకు వంగి, నేను మెల్లిగా చెప్పాల్సిందంతా ఇంగ్లీషులో గబగబా చెప్పేసింది, మధ్యలో సుగుమారన్‌ను రెండు తిట్లు కలిపి. అకెల్లో పగలబడి నవ్వింది. బొద్దుగా, పొట్టిగా ఉంటుందావిడ. నవ్వితే సీటు బెల్టు కూడా ఊగుతుంది.

"నన్ను మాట్లాడొద్దన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. భోజనం పెట్టి మరీ మాట్లాడొద్దన్నవాళ్ళు మీరే మొదలు," అంది.

కాస్సేపటికి నవ్వు ఆగింది. చేతిలో ఫోను తిప్పుతూ కూర్చుంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

ఆవిడ స్నేహితుడొకాయన తోట బళ్ళో మేష్టారు. ఆయన్ను జీపులో ఎక్కించుకుపోయారు. ఎక్కడున్నాడో తెలీదు, ఉన్నాడో లేడో తెలీదు. తల్లి పోయి అడిగితే, అలాంటి పేరుగల మనిషే లేడు పొమ్మన్నారు. అప్పట్నుంచీ అకెల్లో ఏ దేశంలో ఉన్నా ఆదివారం నాడు ఏదో ఒక సభలో జనం చేత ఆ పేరు పలికించి, ఫోనులో పట్టి, ఆ తల్లికి పంపుతుంది. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. ముసలామె పొద్దుటి నుంచీ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందట.

పేరు కూడా చెప్పిందిగానీ, పక్కనుంచి లారీ హోరున పోవడంతో నాకు సరిగా వినబడలేదు.

"దానికేం, మనం ముగ్గురం ఇక్కడే అనేసి పంపుదాం," అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "ముగ్గురంటే స్నేహితులు అనుకుంటుంది. ఆమెకు గుంపు వినబడాలి. లేడన్న మనిషిని గుంపు పిలవదు కదా."

ఆ మాటతో కారు వేగం దానంతటదే పెరిగింది. మోహనప్రియ ముఖం అద్దంలో ఎర్రగా కనబడింది. ఇవాళ ఆ పేరు మా హాల్లో మోగకపోతే, అవతల ఒక తల్లి ఒళ్ళో ఫోను మోగదు. ఆవిడను పిలిచింది మేం. నోరు కట్టేసిందీ మేమే.

*

హాలు దగ్గర అప్పటికే మోటారుసైకిళ్ళు బారులు తీరాయి. తోటల వైపు నుంచి రెండు వ్యాన్లు వచ్చాయి. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని, పెళ్ళివారింటికి వచ్చినట్టు ఒకరి నగలు ఒకరు చూసుకుంటున్నారు. లోపల మసాలా వడలు వేగుతున్న వాసన. అనుమతి ఇచ్చిన ఆఫీసు నుంచి ఒక మలయ్ పెద్దమనిషి వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. సుగుమారన్ ఆయన ముందు ఒక పళ్ళెం వడలు, ఒక గ్లాసు తే తారిక్, అంటే నురగ టీ, పెట్టి, పక్కనే నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు.

మోహనప్రియ తిన్నగా వాడి మీదికి పోయింది. ఈ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, నోటికి రాదు. కోపమొస్తే వచ్చిన ముక్కలు కూడా పోతాయి.

"అంకుల్! షీ కేమ్ సో ఫార్! ఎన్న అంకుల్ ఇది? యూ... యూ... భయం మనిషి!"

"మెల్లిగా, మెల్లిగా లా పాపా. వెనక ఆఫీసు దొర, తువాన్, ఉన్నాడు. నేనేటి చేసేది? వింటాది అని చెప్పినాను. వినమను. కుర్చీ మంచిదే వేసినాను."

ఈ గొడవ విని వంటింట్లోంచి కన్నమ్మ వచ్చింది. మోహనప్రియకు మామ్మ, అంటే నాన్న తల్లి. వయసంతా రబ్బరు చెట్లకు గాటు పెట్టి పాలు తీసిన చేతులు. ఇప్పుడా చేతుల్లో ఉల్లిపాయ తొక్కలు. మామ్మకు కథల పిచ్చి. పిల్లలు నిద్రపోయినా లేపి చెప్పే రకం. ఈ ఆఫ్రికా ఆవిడ సంగతి మోహనప్రియ రాత్రుళ్ళు కాళ్ళు పిసుకుతూ, తెలుగు, తమిళం, ఇంగ్లీషు కలేసి, మామ్మకు మొత్తం చెప్పేసింది.

"ఏటే గుంటా గొడవ?"

సంగతి చెప్పాం. కన్నమ్మ అకెల్లోను కిందినుంచి పైదాకా చూసి, "పేరేటన్నారు?" అంది.

"అకెల్లో."

"అక్కెల్లోనా? పేరులోనే అక్కుందే! మన మనిషే." తర్వాత సుగుమారన్ వైపు తిరిగింది. "ఏరా సుగుమారా, ఈవిడ వింటాది అని సెప్పినావా?"

"అవును పెద్దమ్మా."

"కథ సెప్పేది మన పెద్దోళ్ళు అని సెప్పినావా?"

"అవును."

"వినేవోళ్ళు ఊఁ కొట్టకపోతే కథ నడుస్తాదేట్రా?"

సుగుమారన్ వెనక వరస వైపు ఓసారి చూశాడు.

"ఏటి, మీ ఇంట్లో ఊఁ కొట్టకుండా విన్నారా కథలు?"

"లేదు పెద్దమ్మా. కొట్టాలి. మా అమ్మయితే ఊఁ కొట్టకపోతే లేచి ఎల్లిపోయేది."

"మరింకేటి! ఈవిడ కథ నాను సెప్తాను. ఈవిడ ఇంటాది. తప్పు సెప్తే తప్పని అంటాది, ఒప్పయితే ఒప్పని అంటాది. నోట్లోంచి ఒక్క మాట రాదు. నీ తువానుకి నువ్వు అబద్ధం ఆడినట్టూ అవదు."

మోహనప్రియ ఇది ఇంగ్లీషులోకి తిప్పి చెబుతుంటే అకెల్లో కళ్ళు పెద్దవయ్యాయి. వాళ్ళ ఊళ్ళో కూడా ఇంతేనట. వినేవాళ్ళు పలక్కపోతే చెప్పేవాడికి గొంతు పెగలదట. అక్కడికక్కడే వంటింటి గుమ్మంలో శిక్షణ మొదలైంది. కన్నమ్మ గురువు.

"ఊఁ అంటే, అవును, పదా అని. అనమ్మా."

"ఊఁ."

"ఊఁ? అని తోక పైకి లేపితే, నిజవేనా, నాకు నమ్మకం లేదు అని."

"ఊఁ?"

"ఓలమ్మ, దీనికి భలే వొచ్చినాదే! ఇప్పుడు, ఉఁహూఁ. అంటే కాదు, తప్పు."

"ఉఁహూఁ!" అంది అకెల్లో. అది ఎంత ఖచ్చితంగా వచ్చిందంటే, లోపల వడలు వేయిస్తున్న లెచ్చుమి తననే అంటున్నారనుకుని పొయ్యి తగ్గించింది.

మా పిల్లల తరానికి తెలుగులో మిగిలింది ఈ మూడు మాటలేనని నేను చాలాసార్లు విసుక్కున్నాను. ఆ మూడింటితో ఇంత పని జరుగుతుందని ఊహించలేదు.

*

వేదిక మీద రెండు కుర్చీలు, మధ్యలో మైకు. కన్నమ్మ ఒక కుర్చీలో, అకెల్లో ఒక కుర్చీలో. అకెల్లో చెవి దగ్గర వంగి మోహనప్రియ. కన్నమ్మ ఏమంటే అది ఇంగ్లీషులో గుసగుసలాడటం ఆ పిల్ల పని. అకెల్లో ఫోను నా చేతికిచ్చారు, రికార్డు చెయ్యమని. రెండు చేతులతో పట్టుకున్నాను. పెళ్ళిలో తాళి కూడా అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.

"అనగా అనగా ఒక సరస్సు," అని ఎత్తుకుంది కన్నమ్మ. "సరస్సంటే మన మూడా ఏరు లాటిది కాదర్రా. ఇటు ఒడ్డున నిలబడితే అటు ఒడ్డు అవుపడదు."

"ఊఁ."

హాలంతా గొల్లుమంది. ఆఫ్రికా ఆవిడ నోట్లోంచి అచ్చం మన ఊఁ!

"ఆ ఒడ్డున సెరకు తోట. తోటంటే మన తోటే. దొరున్నాడు. కూలోళ్ళ లెక్కలు రాసే కిరాణి ఉన్నాడు. కూలోళ్ళకి వరసిళ్ళున్నాయి. వానొస్తే లోపల కుంపటి తేలుతాది."

"ఊఁ, ఊఁ!"

"ఆ తోటలో మన అక్కెల్లో పుట్టినాది. సదువుకున్నాది. సదువుకున్నోళ్ళందరూ ఏటి సేస్తారు? తోటొదిలి పారిపోతారు. ఈవిడ తిరిగొచ్చి తోట గురించి బుక్కు రాసినాది. దొరతనం సదివినాది. సదివి ఏటి సేసినాది? బుక్కుకి బ్యాండు కట్టించినాది!"

మోహనప్రియ గుసగుస మధ్యలో ఆగిపోయింది. చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూసి, చివరికి చెప్పింది. అకెల్లో కుర్చీలోంచి సగం లేచింది.

"ఉఁహూఁ!"

"బ్యాండు కాదా?"

"ఉఁహూఁ!"

"సన్నాయి మేళమా?"

"ఉఁహూఁ, ఉఁహూఁ!"

"ఒసే మోహనా, బుక్కు బ్యాండు సేసినారని నువ్వే కదే సెప్పినావు!"

"బ్యాన్, మామ్మా! బ్యాన్!"

"నానూ అదే అన్నాను గదే!"

నేను పక్కనుంచి అందించాను, అచ్చెయ్యకూడదు, అమ్మకూడదు, చదవకూడదు అన్నారని. కన్నమ్మ నుదురు కొట్టుకుంది. "అలా సెప్పు! బ్యాండు కట్టినోళ్ళు జైల్లో ఎందుకెట్టినారా అని నాకూ అనుమానంగానే ఉన్నాది."

వెనక వరసలో మలయ్ పెద్దమనిషి పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని, వడ నోట్లో పెట్టుకుని నవ్వలేక దగ్గాడు. సుగుమారన్ ముఖంలో అప్పుడు కాస్త నెత్తురు తిరిగింది.

ఇంక కథ గుర్రమెక్కింది. జైల్లో ఎలకలు పిల్లులంత ఉన్నాయంది కన్నమ్మ. "ఊఁ?" అంది అకెల్లో తోక లేపి. "పోనీ, పిల్లికూనలంత." "ఊఁ." బేరం కుదిరింది. అధ్యాయాలు నోటికి పట్టిన ఆడవాళ్ళ సంగతి వచ్చేసరికి హాల్లో గాజుల చప్పుడు కూడా ఆగింది. ఒకామె విడుదలై వచ్చి, తన అధ్యాయం చెప్పేదాకా పిల్లల్ని కూడా ముట్టుకోలేదని కన్నమ్మ అంది. మరిచిపోతానేమోనని భయమట. అకెల్లో ముందు మెల్లిగా తల ఊపింది. ఆ తర్వాత, ఆలస్యంగా, "ఊఁ."

"ఆ తోట బళ్ళో ఒక మేష్టారు," అంది కన్నమ్మ. "వొయసు పిల్లడు. సెరకుకి పురుగుమందు కొట్టి కొట్టి రగతం కక్కి సచ్చిపోయినారు కూలోళ్ళు. ఎందుకు సచ్చిపోయినారని గట్టిగా అడిగినాడు. అడిగితే జీపొచ్చినాది."

మందు మాట వినగానే జనంలో ఒక కదలిక. మా తోటల్లోనూ ఆ డబ్బాలు వీపున మోసినవాళ్ళు ఆ హాల్లో ఎంతమందో.

"తల్లి ఎల్లి అడిగినాది. అలాటి పేరే లేదు పొమ్మన్నారు. పేరు లేదా? నాను కన్నాను, నాను ఎట్టినాను, పేరు లేదా? ఆ పిల్లడి పేరు..."

కన్నమ్మ ఆగింది. నేను ఫోను ఇంకాస్త ముందుకు పెట్టాను. దీనికోసమే ఇంత దూరం వచ్చాం.

"ఆ పేరేటే మోహనా?"

మోహనప్రియ మామ్మ చెవిలో చెప్పింది.

"ఓచెన్నయ్య!" అంది కన్నమ్మ మైకులో.

"ఉఁహూఁ," అంది అకెల్లో.

"ఓచన్న?"

"ఉఁహూఁ."

"ఓసెన్ను?"

"ఉఁహూఁ!"

ముందు వరసలోంచి ఆడవాళ్ళు తలా ఒకటి అందించారు. ఓచమ్మన్నారొకరు. అయ్యో, మగ మనిషే అన్నారింకొకరు. ప్రతిదానికీ ఉఁహూఁ. అకెల్లో కుర్చీ అంచుకు వచ్చేసింది. పెదాలు కదులుతున్నాయి, పేరు నాలిక చివర ఉంది, అనడానికి లేదు. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుంది.

"అయ్య తగిలించకపోతే ఎలాగే?" అంది కన్నమ్మ. "మేష్టారి పేరు అలా బోడిగా అంటే నాలిక పుచ్చిపోద్ది."

మోహనప్రియకు ఓపిక చచ్చింది. మైకు లాక్కుంది. పుట్టాక ఆ పిల్ల నలుగురిలో తెలుగు మాట్లాడటం నేను చూడలేదు.

"మామ్మా! అయ్య వద్దు. అన్న వద్దు. వెనక ఏమీ వద్దు. ఒ... చెన్. ఒచెన్!"

స్పీకర్లు అదిరాయి. ముందు వరసలో పోలయ్య తాత ఉలిక్కిపడి లేచాడు. ఆయనకు చెవుడు. పొద్దుటి నుంచీ కునుకు తీస్తున్నాడు.

"ఎవుడ్రా అది ఒచ్చేన్ అంటన్నాడు?" అని అరిచాడు. "పెరట్టు అయిపోతన్నాదా? నా పేరు పిలిసేసినాడా?"

ముసలివాళ్ళు నవ్వడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశారు. పడుచువాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. కన్నమ్మ మాత్రం కుర్చీలోంచి నెమ్మదిగా లేచింది.

"పిల్లలూ, మీకు తెలీదు," అంది. "తోటలో పొద్దు పొడవకముందే పెరట్టు ఉండేది. ఆఫీసు మెట్ల మీద కిరాణి నిలబడి పేర్లు పిలిసేవోడు. మనం కింద మంచులో నిలబడి, ఉన్నామని పలకాల. ఒచ్చినాను, ఒచ్చినాను అని తీరిగ్గా అంటే ఆడు ఆగడు. తమిళపోళ్ళు వందేన్ అనేవోళ్ళు. మనవేమో మన మాటకి ఆళ్ళ తోక తగిలించి, ఒచ్చేన్! ఒచ్చేన్! అని అరిసేవోళ్ళం. పలక్కపోతే ఆ రోజుకి నువ్వు లేవు. కళ్ళెదురుగా నిలబడ్డా లేవు."

మోహనప్రియ గుసగుస వేగం అందుకోలేక తడబడుతోంది. అకెల్లో ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కన్నమ్మ నడుము మీద చెయ్యేసుకుని, గడ్డం పైకెత్తి, కిరాణి గొంతు పెట్టింది. ఎప్పుడో ఎత్తేసిన తోట ఒక్క క్షణంలో మా హాల్లోకి వచ్చి కూర్చుంది.

"పోలయ్యా!"

"ఒచ్చేన్!" అన్నాడు తాత, ఛాతీ విరిచి.

"లెచ్చుమీ!"

వంటింట్లోంచి గరిటె చప్పుడుతో, "ఒచ్చేన్!"

అకెల్లో తల పక్కకు వంచి విన్నది. స్నేహితుడి పేరులోకన్నా 'చ' కాస్త బరువెక్కింది, నిజమే. అయినా ఆవిడ రెండు చేతులూ పైకెత్తి అరిచింది, "ఊఁ!"

ఇంక ఆగలేదు. కన్నమ్మ ఒక్కొక్క పేరూ పిలుస్తోంది. వెంకమ్మ, కిశోర్‌కుమార్, రాగిణి, తివ్యన్. పిలిచినవాళ్ళు పిలిచినట్టు లేచి పలుకుతున్నారు. తెలుగు రాని పడుచుపిల్లలు కూడా, జుట్టుకు రంగేసుకున్న కుర్రాళ్ళు కూడా, తమ వంతు ఎప్పుడొస్తుందా అని కుర్చీల అంచున కూర్చున్నారు. నన్ను పిలిచింది. పలికాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. తండ్రి పోయాక ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు.

"సుగుమారన్!"

హాలు ఒక్కసారిగా చల్లబడింది.

పిల్లలకు తెలీదుగానీ మాకు తెలుసు. సుగుమారన్ తాతే ఆ కిరాణి. ఆ ఇంటివాళ్ళు మెట్ల మీద నిలబడి పిలిచినవాళ్ళే తప్ప, కింద మంచులో నిలబడి పలికినవాళ్ళు కారు. సంఘంలో కూడా వాడి ఇంటివాళ్ళెప్పుడూ వేదిక మీదే. సుగుమారన్ మలయ్ పెద్దమనిషి వైపు చూశాడు. మైకు వైపు చూశాడు. జేబురుమాలు తీసి, తుడుచుకోకుండా చేతిలోనే నలిపాడు.

"సుగుమారన్!" అని రెండోసారి పిలిచింది కన్నమ్మ. "ఉన్నాడా, నేదా? నేదని రాసేయమంటావా?"

"ఒచ్చేన్," అన్నాడు.

"ఇనపళ్ళేదు!"

"ఒచ్చేన్ పెద్దమ్మా! ఒచ్చేన్!"

ఆ అరుపుకు పళ్ళెంలో వడలు ఎగిరిపడ్డాయేమో అనిపించింది. చప్పట్లు, ఈలలు. ఎవరో కుర్చీ ఎక్కారు. ఆ హోరులోనే కన్నమ్మ పక్కకు తిరిగింది.

"అకెల్లో!"

ఇది మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆవిడ వినడానికి వచ్చింది, పలకడానికి కాదు. మోహనప్రియ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అకెల్లో లేచి నిలబడింది. కన్నమ్మను చూసింది, మమ్మల్ని చూసింది.

"ఒచెన్," అంది.

స్నేహితుణ్ణి పిలిచిందో, తాను వచ్చానందో, ఆవిడకే తెలియాలి.

మలయ్ పెద్దమనిషి పళ్ళెం పక్కన పెట్టాడు. వేలితో సుగుమారన్‌ను పిలిచాడు. ఈలలు ఆగాయి. నేను ఫోను గుండెకు ఆనించుకున్నాను. పట్టింది పట్టినట్టు ఉండనిస్తారో, తుడిచేయమంటారో.

"ఆమె ఇప్పుడేదో అంది కదా," అన్నాడాయన మలయ్‌లో. "ఏమిటది?"

సుగుమారన్ జేబురుమాలు జేబులో పెట్టేశాడు. పొద్దుటి నుంచీ వణికిన ఆ మనిషి ఈసారి నిటారుగా నిలబడి ఒకే ఒక మాట అన్నాడు.

"హాదిర్, తువాన్."

మన 'హాజరు'కు మలయ్ వాళ్ళ మాట. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"హాదిరేనా? ఇంకేం లేదా?"

"అంతే తువాన్. కథలో పేరు పిలిచినారు, పలికింది."

ఆయన కాసేపు అకెల్లోను చూశాడు. తర్వాత నవ్వాడు. "మా బళ్ళో కూడా ఇలాగే అరిచేవాళ్ళం," అని మళ్ళీ పళ్ళెం ఒళ్ళోకి తీసుకున్నాడు. "కథ కానివ్వండి."

*

ఆ హోరంతా అకెల్లో అక్కడే, వేదిక మెట్ల మీద కూర్చుని, ముసలామెకు పంపింది. మాకు ఆకులు వేశారు. సాంబారు కలుపుకునేలోగానే ఆవిడ ఫోను మోగింది.

చెవికి పెట్టుకుని విన్నది. అవతల గొంతు గబగబా ఏదో అడుగుతోంది. అకెల్లో జవాబు చెప్పబోయి, చెప్పలేక, మోహనప్రియ భుజం పట్టుకుంది. ఆవిడ ఇంగ్లీషులో అన్నది మోహనప్రియ మాకు చెప్పాలి. ఆ పిల్ల తడుముకుంటూనే, తెలుగులోనే చెప్పింది.

"ఆ మామ్మ అడుగుతోంది... ఇన్నాళ్ళూ అందరూ నా కొడుకుని పిలిచినారు. వీళ్ళు పిలవడం లేదు. వీళ్ళు పలుకుతున్నారు. ఎందుకు? అని."

ఎంత చెవి! భాష తెలియకుండానే పిలుపుకూ పలుకుకూ తేడా పట్టేసింది. కలిపిన అన్నం ఆకుల్లోనే ఉంది. అకెల్లో తమ భాషలో వివరించింది. తోట, మెట్లు, మంచు, మా మాటకు అర్థం.

కన్నమ్మ ఎంగిలి చెయ్యి చీరకు తుడుచుకుంటూ లేచింది. "ఆవిడ పేరేటి?"

"లకెర్," అంది అకెల్లో.

ఈసారి కన్నమ్మ అమ్మ తగిలించలేదు. ఫోను స్పీకరు పెట్టించి, ముఖం దగ్గరికి తెచ్చుకుని, సముద్రం అవతలికి వినబడాలన్నట్టు కేకేసింది.

"లకెర్!"

ఫోనులో గాలి చప్పుడు. ఎక్కడో కోడి కూత. తర్వాత ఒక ముసలి గొంతు, వణుకు లేకుండా, తెగ్గొట్టినట్టు:

"ఒచెన్!"

మా హాలు లేచి నిలబడింది. అవతల ముసలామె ఆగలేదు. ఇప్పుడు ఆమే పిలవడం మొదలుపెట్టింది, తన చుట్టూ ఉన్నవాళ్ళను, మాకు నోరు తిరగని పేర్లతో. ప్రతి పేరుకూ ఒక గొంతు పలుకుతోంది. ముందు ఒక ఆడ గొంతు, తర్వాత ఇద్దరు పిల్లలు, తర్వాత దూరంగా, పొలంలోంచి కాబోలు, ఒక మగ గొంతు. ఒచెన్. ఒచెన్. చిన్న ఫోను కావడంతో వెనక వరసల వాళ్ళకు సరిగా అందడం లేదు. గట్టిగా, గట్టిగా అని అక్కణ్ణుంచి అరుస్తున్నారు.

సుగుమారన్ ఆకుల్ని దాటుకుంటూ పరుగెత్తి వేదిక మీది మైకు తెచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో దాన్ని ఆ ఫోనుకు ఆనించి పట్టుకున్నాడు.